నవ్వు ఒకసారి, డబ్బు ఎన్నిసార్లు?

ఫలానా కమెడియన్ ఒక్క ఎపిసోడ్‌కి ఎంత తీసుకుంటున్నాడో తెలిస్తే నోరెళ్లబెడతారంటూ యూట్యూబ్‌లో ఓ వీడియో వస్తుంది. వారం తిరక్కుండా అదే మనిషి మీద ఇంకో వీడియో, అందులో ఇంకో అంకె. రెండింటికీ పొంతన ఉండదు. ఆస్తుల లెక్కలు చెప్పే ఇంగ్లీషు వెబ్‌సైట్లదీ ఇదే వరస. ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాస్తారు, నాలుగు చోట్ల కనిపించాక అది నిజమైపోతుంది. టీవీలో నవ్వించేవాళ్ల సంపాదన గురించి నిజంగా తెలుసుకోవాలంటే ముందు ఈ అంకెల మోజు కాస్త పక్కన పెట్టాలి. ఎపిసోడ్‌కి ఎంత అన్నది చిన్న ప్రశ్న. ఆ ఎపిసోడ్‌ని రెండోసారి వేసినప్పుడు ఎంత, పదేళ్ల తర్వాత ఎవరో బస్సులో కూర్చుని ఫోన్లో చూసినప్పుడు ఎంత, అది ఎవరికి చేరుతుంది? అసలు సంగతి అక్కడుంది.

కామెడీ విషయంలో ఇది మరీ ముఖ్యం. క్రికెట్ మ్యాచ్ మర్నాటికి పాతబడుతుంది. ఏడుపు సీరియల్ చివర ఏమైందో తెలిశాక మొదటి నుంచి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. జోకు అలా కాదు. ముందే తెలిసినా నవ్వుతాం, కొన్నిసార్లు తెలిసినందుకే నవ్వుతాం. అందుకని టీవీ తయారుచేసే వాటిలో చాలాకాలం అమ్ముడుపోయేది కామెడీయే. ఇక రాసేదీ నటించేదీ ఒకరే అయితే రెండు జీతాలు వస్తాయి కాబట్టి బాగుంటారనుకోవడం పైపై లెక్క. అతని బలం వేరే చోట ఉంది. నటుణ్ని మార్చొచ్చు, రచయితను మార్చొచ్చు, రెండూ తానే అయినవాణ్ని తీసేస్తే కార్యక్రమమే మిగలదు. ఆ బలాన్ని ఒప్పందం కాగితంలో రాయించుకున్నవాళ్లు బాగుపడ్డారు. రాయించుకోనివాళ్లకు చప్పట్లు మిగిలాయి. డెబ్భై ఏళ్ల టీవీ చరిత్ర ఎటునుంచి తిరగేసినా నాకు కనిపించేది ఇదే.

1951లో అమెరికాలో సీబీఎస్ సంస్థ 'ఐ లవ్ లూసీ' మొదలుపెట్టబోతూ, దాన్ని న్యూయార్క్ నుంచి లైవ్‌గా ఇవ్వమంది. చూసే జనం, డబ్బు పెట్టే ప్రకటనదారులు ఎక్కువగా తూర్పు తీరంలోనే ఉండేవారు. పడమటి రాష్ట్రాలకు టీవీ తెర మీది బొమ్మను మళ్లీ ఫిల్ము మీద తీసిన మసక కాపీ వెళ్లేది. లూసిల్ బాల్, ఆమె భర్త డెజీ ఆర్నాజ్ హాలీవుడ్ వదిలి రామన్నారు. అక్కడే, ప్రేక్షకుల్ని ఎదురుగా కూర్చోబెట్టి, మూడు కెమెరాలతో సినిమా ఫిల్ము మీద తీస్తామన్నారు. దానికి ఖర్చెక్కువ. ఆ తేడా కోసం దంపతులు తమ జీతంలో వారానికి వెయ్యి డాలర్లు తగ్గించుకుని, బదులుగా ఆ ఫిల్ముల మీద హక్కు తమకు కావాలని అడిగారు. చానెల్ పెద్దలు సులువుగా ఒప్పుకున్నారు. ఒకసారి వేసేసిన కార్యక్రమాన్ని మళ్లీ ఎవరు చూస్తారన్నది అప్పటి నమ్మకం. 1953లో లూసిల్ ప్రసవించి విశ్రాంతిలో ఉన్నప్పుడు పాత ఎపిసోడ్లు వేస్తే జనం వాటినీ చూశారు. నమ్మకం కాస్తా పోయింది. కొన్నేళ్లకే అవే ఎపిసోడ్ల హక్కుల కోసం సీబీఎస్ నలభై యాభై లక్షల డాలర్లు ఇచ్చుకోవాల్సి వచ్చిందంటారు. 1957లో దంపతుల డెసిలూ సంస్థ ఒకప్పుడు తమకు వేషాలిచ్చిన ఆర్కేవో స్టూడియోలనే కొనేసింది.

దీనికి పక్కనే చూడాల్సింది 'ది హనీమూనర్స్'. 1955, 56లో వచ్చిన 39 ఎపిసోడ్లు ఇప్పటికీ అమెరికన్లకు కంఠస్థం. ఆ నటవర్గంలో పునఃప్రసారాల మీద డబ్బు అందుకున్నది ఆలిస్ వేషం వేసిన ఆడ్రీ మెడోస్ ఒక్కతే. ఆమెకు నటనతో పాటు న్యాయవాది అయిన సోదరుడు ఒకడున్నాడు. మళ్లీ వేస్తే మళ్లీ ఇవ్వాలన్న వాక్యం ఆమె ఒప్పందంలో అతను చేర్చాడు. మిగతావాళ్లకు అలాంటివాడు ఎవరూ లేరు. ప్రతిభలో తేడా ఎంతో ఎవరైనా వాదించుకోవచ్చు గానీ, రాబడిలో తేడాకు కారణం ఆ ఒక్క వాక్యమే.

ఇలా ఒక్కొక్కరూ తెలివైన బంధువు కోసం ఎదురుచూడకుండా సంఘాలు రంగంలోకి దిగాయి. 1960లో హాలీవుడ్ నటులు, రచయితలు ఒకే ఏడాది సమ్మె చేశారు. నటుల సంఘానికి అప్పుడు అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్, తర్వాత దేశాధ్యక్షుడై కార్మిక సంఘాలతో పేచీ పెట్టుకున్న రీగనే. పునఃప్రసార చెల్లింపులన్న పద్ధతి బలపడింది ఆ రోజుల్లోనే. అయితే తొలి ఒప్పందాల్లో మొదటి కొన్ని ప్రసారాలకే డబ్బు, ఆ తర్వాత ఎన్నిసార్లు వేసినా సున్నా. 'గిలిగన్స్ ఐలాండ్' లాంటి అరవైల కామెడీల నటులు తమ మొహాలు రోజూ మధ్యాహ్నం టీవీలో కనిపిస్తుంటే ఊరికే చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. ఎన్నిసార్లు వేస్తే అన్నిసార్లు, కాస్త తగ్గుతూ అయినా చెల్లించాలన్న నియమం డెబ్భైల నడుమకు గానీ రాలేదు.

రాసి నటించేవాడి వృత్తి ఎంత ఎగుడు దిగుడుగా సాగుతుందో చూడాలంటే ల్యారీ డేవిడ్ జీవితం చాలు. 1984లో 'సాటర్‌డే నైట్ లైవ్'లో రచయితగా చేరాడు. ఏడాదంతా కలిపి ప్రసారమైంది అతను రాసిన ఒక్క స్కెచ్, అదీ అర్ధరాత్రి దాటాక వచ్చే చివరి పావుగంటలో. ఒక శనివారం ప్రసారానికి ముందు కోపం పట్టలేక నిర్మాతను నాలుగు తిట్టి, మానేస్తున్నానని చెప్పి, చలిలో ఇంటికి నడిచిపోయాడు. దారిలో పోగొట్టుకున్న జీతం లెక్కేసుకున్నాడు. పక్కింట్లో ఉండే కెన్నీ క్రేమర్ సలహా ఇచ్చాడు: సోమవారం ఏమీ జరగనట్టు వెళ్లి కూర్చో. వెళ్లి కూర్చున్నాడు, ఎవరూ ఏమీ అనలేదు. కొన్నేళ్ల తర్వాత ఆ ఉదంతం 'సైన్‌ఫెల్డ్'లో ఒక ఎపిసోడ్ అయింది, పక్కింటి క్రేమర్ ఒక పాత్ర అయ్యాడు. టీవీ రచయితకు పోగొట్టుకున్న ఉద్యోగం కూడా పెట్టుబడేనని నవ్వుకోవచ్చు గానీ, ఆ నడుమ నాలుగైదేళ్లు అతను ఎలా గడిపాడన్నది ఎవరికీ నవ్వొచ్చే విషయం కాదు.

1989లో జెర్రీ సైన్‌ఫెల్డ్‌తో కలిసి రాసిన తొలి ఎపిసోడ్‌ని పరీక్షగా చూపిస్తే జనం పెదవి విరిచారు. ఎన్‌బీసీ దాన్ని దాదాపు వదిలేసింది. ప్రత్యేక కార్యక్రమాల విభాగంలో ఉన్న రిక్ లుడ్విన్ అనే అధికారి తన బడ్జెట్‌లోంచి బాబ్ హోప్ కార్యక్రమం ఒకటి తప్పించి, ఆ డబ్బుతో నాలుగు ఎపిసోడ్లు తీయించాడు. అంత చిన్న ఆర్డరుతో మొదలైంది 1998 దాకా సాగి 180 ఎపిసోడ్లకు చేరింది. అమెరికాలో వంద దగ్గరికి వచ్చిన కామెడీని ఊరూరి స్టేషన్లు కొనుక్కుంటాయి, వారానికి ఐదు రోజులు వేసుకోవచ్చు కాబట్టి. చానెల్ ఇచ్చే డబ్బుతో నిర్మాణ సంస్థకు తొలి ఏళ్లలో నష్టమే వచ్చినా, ఈ రెండో అమ్మకంలో పంట పండుతుంది. సైన్‌ఫెల్డ్, డేవిడ్ ఇద్దరికీ సృష్టికర్తలుగా అందులో వాటా ఉంది. పదో సీజన్ తీస్తే ఎపిసోడ్‌కు 50 లక్షల డాలర్లు ఇస్తామని ఎన్‌బీసీ బతిమాలినా సైన్‌ఫెల్డ్ వద్దనగలిగాడంటే త్యాగం ఒక్కటే కారణం కాదు. ఇంట్లో కూర్చున్నా వచ్చేది అతనికి రాసి ఉంది. 2021లో ఆ పాత ఎపిసోడ్లే మళ్లీ మొదటి నుంచి నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాయి.

అదే సెట్‌లో నిలబడ్డ మిగతా ముగ్గురి సంగతి వేరు. జేసన్ అలెగ్జాండర్, జూలియా లూయీ డ్రైఫస్, మైకేల్ రిచర్డ్స్ చివరి సీజన్‌కు ఒక్కొక్కరూ ఎపిసోడ్‌కు 6 లక్షల డాలర్లు తీసుకున్నారు. ఎవరికైనా కళ్లు తిరిగే డబ్బే. కానీ వాళ్లు అడిగింది వాటా, దొరికింది జీతం. సంఘం నియమం ప్రకారం వచ్చే పునఃప్రసార చెల్లింపులు తప్ప ఆ మహా అమ్మకంలో వాళ్లకు భాగం లేదు. 'ఫ్రెండ్స్' నటులు ఈ గుణపాఠం వంటబట్టించుకున్నారు. ఆరుగురూ కలిసే బేరమాడారు, ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ ఒప్పుకోలేదు. మొదటి సీజన్‌లో ఎపిసోడ్‌కు 22,500 డాలర్లతో బయల్దేరినవాళ్లు చివరి రెండు సీజన్లకు 10 లక్షలకు చేరారు. పత్రికలన్నీ ఆ పది లక్షల గురించే రాశాయి. అంతకంటే గట్టి గెలుపు 2000లో వాళ్లు పట్టుబట్టి సాధించుకున్న తర్వాతి లాభాల్లో వాటా. వాళ్లెవరూ రచయితలు కారు. ఆరుగురు ఒక్కటై నిలబడితే రచయితకుండే బలం నటులకూ వస్తుందని చూపించారు, అంతే.

ఇంతవరకూ చెప్పినవాళ్లంతా శిఖరాలు. వీళ్లను చూసి వృత్తిని కొలవడం చిరంజీవిని చూసి జూనియర్ ఆర్టిస్టు బతుకుని అంచనా వేసినట్టుంటుంది. 2023లో హాలీవుడ్ నటుల సంఘంలో సుమారు లక్షా అరవై వేల మంది ఉన్నారు. ఏడాదికి 26,470 డాలర్లు సంపాదిస్తేనే అప్పట్లో సంఘం ఆరోగ్య బీమా దక్కేది. సమ్మె రోజుల్లో నాయకులు చెప్పిన లెక్క ప్రకారం సభ్యుల్లో ఎనభై శాతం కంటే ఎక్కువ మంది ఆ మొత్తం కూడా దాటేవారు కాదు. వచ్చినదాంట్లో ఏజెంటుకు పది శాతం, మేనేజరుంటే మరో పదో పదిహేనో, లాయరుకు ఐదు. ఆ మీద పన్నులు. అది చాలదన్నట్టు ఏజెన్సీలు నిర్మాణ సంస్థల దగ్గర నేరుగా ప్యాకేజీ రుసుములు తీసుకుంటుంటే, మన తరఫున బేరమాడాల్సినవాడు అవతలివాడి దగ్గర డబ్బు పుచ్చుకోవడమేమిటని 2019లో వేల మంది రచయితలు ఒక్కసారిగా తమ ఏజెంట్లను వదిలేశారు.

ఓటీటీలు వచ్చాక లెక్క ఇంకా తిరగబడింది. పాత చానెల్ కామెడీ ఏడాదికి 22 ఎపిసోడ్లు. రచయితకు దాదాపు ఏడాదంతా పని. ఓటీటీ సీజన్ ఎనిమిదో పదో ఎపిసోడ్లు. నాలుగు నెలల పని, ఎనిమిది నెలల ఎదురుచూపు. షూటింగు మొదలయ్యేలోపే రచయితల గదిని మూసేసే అలవాటు వచ్చింది. సెట్ మీద నిలబడి మాట మార్చడం, ఎడిటింగ్‌లో కూర్చోవడం లాంటివి కొత్తవాళ్లు నేర్చుకునే దారే పోయింది. మిండీ కేలింగ్ 'ది ఆఫీస్'లో చేరినప్పుడు ఆమెకు 24 ఏళ్లు, రచయితల బృందంలో ఒక్కతే ఆడపిల్ల. అక్కడే రాస్తూ, అక్కడే కెల్లీ వేషం వేస్తూ ఏళ్లకేళ్లు పని నేర్చుకుని, 2012లో తన పేరు మీదే సొంత కామెడీ పెట్టుకుంది. చెన్నై మూలాలున్న తండ్రి, బెంగాలీ తల్లి ఉన్న ఆ అమ్మాయి ఇవాళ మొదలుపెట్టి ఉంటే అంత కాలం ఒకే గదిలో కూర్చోనిచ్చేవారా అన్నది అనుమానమే. పునఃప్రసారం అన్న మాటకే ఓటీటీలో అర్థం లేదు, అన్నీ ఎప్పుడూ ఉంటాయి కదా. ఎంతమంది చూశారో చెప్పేవారు కాదు, చెప్పకపోతే ఎంత అడగాలో తెలిసేది కాదు. 'ఆరెంజ్ ఈజ్ ద న్యూ బ్లాక్'లో ఏళ్ల తరబడి నటించిన కిమికో గ్లెన్ తనకొచ్చిన విదేశీ చెల్లింపుల చిట్టా కెమెరా ముందు పెట్టి చదివింది. పావలా అర్ధా వరసలన్నీ కూడితే మొత్తం 27 డాలర్ల 30 సెంట్లు.

2023 మే 2న మొదలైన రచయితల సమ్మె 148 రోజులు సాగింది. మధ్యలో నటులూ చేరి 118 రోజులు పని మానేశారు. దేశీయ చందాదారుల్లో ఐదోవంతు మంది మొదటి తొంభై రోజుల్లో చూసిన కార్యక్రమాలకు రచయితలకు అదనపు బోనసు, రచయితల గదిలో కనీస సంఖ్య, కృత్రిమ మేధ రాసినదాన్ని రచయిత రాతగా లెక్కించకూడదన్న నియమం దక్కాయి. ఐదోవంతు అంటే చిన్న గీత కాదు. పెద్ద హిట్లకు తప్ప అందదు. అయినా ఎంతమంది చూశారన్న లెక్కకీ, రాసినవాడి జేబుకీ ఓటీటీలో తొలిసారి ఒక తాడు పడింది.

బ్రిటన్‌లో డబ్బు తక్కువ, పేచీలు రసవత్తరం. బీబీసీ ఇచ్చే ఫీజుతో ధనవంతులైన హాస్యగాళ్లు అరుదు. 'ఫాల్టీ టవర్స్' మొత్తం పన్నెండే ఎపిసోడ్లు, 1975లో ఆరు, 1979లో ఆరు. జాన్ క్లీజ్ తన భార్య కోనీ బూత్‌తో కలిసి రాశాడు. రెండో విడత వచ్చేసరికి వాళ్లకు విడాకులయ్యాయి, రాత ఆగలేదు. క్లీజ్‌కు స్థిరమైన రాబడి ఇచ్చింది అందులో తాను వేసిన హోటల్ యజమాని బాసిల్ వేషం కాదు, 1972లో మిత్రులతో పెట్టిన వీడియో ఆర్ట్స్ అనే సంస్థ. ఆఫీసుల్లో మీటింగులు ఎలా నడపాలో, కస్టమరుతో ఎలా మాట్లాడాలో నవ్విస్తూ చెప్పే శిక్షణ సినిమాలు తీసి కంపెనీలకు అమ్మేవారు. టీవీ పేరు తెచ్చింది, ఆ పేరును సొంత దుకాణంలో అమ్ముకున్నాడు. మూడో భార్యతో విడాకుల భారం తీర్చుకోవడానికి 2011లో చేసిన స్టేజీ పర్యటనకు భరణం యాత్ర అనే అర్థమొచ్చే పేరే పెట్టాడు. సిగ్గుపడాల్సిందాన్ని కూడా టిక్కెట్టు పెట్టి అమ్మగలగడం ఈ వృత్తిలో ఉన్న ఒక సౌకర్యం.

అతని పాత బృందం మాంటీ పైథాన్ ఇంకో దారి చూపింది. అమెరికాలో ఏబీసీ చానెల్ వాళ్ల ఎపిసోడ్లను ప్రకటనల కోసం కత్తిరించి వేస్తే, 1975లో కోర్టుకెక్కారు. ఆ పోరాటం చివర తేలింది కత్తిరింపుల గొడవ ఒక్కటే కాదు, టేపుల మీద హక్కులు వాళ్ల చేతికొచ్చాయి. ఆరుగురు రాసి నటించినవి ఆరుగురి సొంత కంపెనీకి దక్కాయి. సొంతమైతే సుఖమేననుకోవద్దు. వాళ్ల పాత సినిమా ఒకదానికి నిర్మాతగా ఉన్నాయన, దాని ఆధారంగా వచ్చిన నాటకం లాభాల్లో వాటా అడిగి కేసు గెలిస్తే, ఆ ఖర్చులు కూడా పూడ్చుకోవాలని 2014లో లండన్‌లో ముసలి పైథాన్లు మళ్లీ వేషాలు కట్టి పది ప్రదర్శనలిచ్చారు.

ఈ తరంలో ఇదే ప్రశ్నను అందరికంటే సూటిగా అడిగింది మైకేలా కోల్. 'చూయింగ్ గమ్' రాసి నటించి పేరు తెచ్చుకున్న ఆమెకు, 'ఐ మే డిస్ట్రాయ్ యు' కోసం నెట్‌ఫ్లిక్స్ 10 లక్షల డాలర్లు ఇవ్వజూపింది. కాపీరైట్‌లో కొంచెం నాకుంచండి అందామె. ఐదు శాతంతో మొదలుపెట్టి ఒక శాతం దాకా, చివరికి అర శాతం దాకా దిగి అడిగింది. కుదరదన్నారు. ఆ ఒప్పందం కుదిరితే తన ఏజెన్సీకీ విడిగా డబ్బు ముడుతుందని తెలిసి అమెరికాలో ఆ ఏజెన్సీనే వదులుకుంది. తక్కువ డబ్బుకు బీబీసీకి వెళ్లి, హక్కుల్లో భాగం, రాతలో పూర్తి స్వేచ్ఛ తెచ్చుకుంది. అర శాతం దగ్గర కూడా అవతలి కంపెనీ మెత్తబడలేదంటే, ఆ అర శాతం విలువ ఎంతో వాళ్లకు బాగా తెలుసన్నమాట. అమెరికన్ కమెడియన్ డేవ్ షపెల్‌ది దీనికి తలకిందులు. యువకుడిగా తొందరలో సంతకం పెట్టాడు, 2005లో 5 కోట్ల డాలర్లన్న ఒప్పందాన్ని మధ్యలో వదిలేసి దక్షిణాఫ్రికా వెళ్లిపోయాడు. 2020లో పాత షో ఓటీటీల్లో ఆడుతుంటే తనకు పైసా రావడం లేదని, చూడొద్దని తన అభిమానులనే బతిమాలాడు. నెట్‌ఫ్లిక్స్ తీసేసింది. కొన్ని నెలలకు హక్కుదారులు దిగొచ్చి డబ్బు చెల్లించారు. అంత పేరున్నవాడు కాబట్టి చెల్లింది.

మన దేశానికొస్తే, పాత్ర ఎవరిదన్న గొడవ 2013లో బాహాటంగా బయటపడింది. 'కామెడీ నైట్స్ విత్ కపిల్'లో సునీల్ గ్రోవర్ గుత్తీ అనే అమ్మాయి వేషంలో దేశమంతా నవ్వించాడు. పారితోషికం దగ్గర తేడాలొచ్చి బయటికి వెళ్లగానే, గుత్తీని ఎవరు అనుకరించినా ఊరుకోమని కలర్స్ చానెల్ పత్రికల్లో నోటీసు వేయించింది. జడలు, గొంతు, నడక అన్నీ అతనివి. పాత్ర మాత్రం చానెల్‌ది. అతను ఇంకో చానెల్‌లో చుట్కీగా కనిపించాల్సి వచ్చింది. కపిల్ శర్మ ఇటువైపు కాదు, అటువైపు నిలబడ్డాడు. 2007లో లాఫ్టర్ చాలెంజ్ గెలిచిన కుర్రాడు, ఆరేళ్లకు సొంత నిర్మాణ సంస్థ కే9 భాగస్వామ్యంలో షో పెట్టాడు. అందువల్లే చానెల్ మారినా, 2024లో నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లినా, కపిల్ పేరు కపిల్‌తోనే వెళ్లింది. ఇద్దరిలో ఎవరు గొప్ప నటుడని అడిగితే నేను మొహమాటం లేకుండా గ్రోవర్ అంటాను.

తెలుగు టీవీలో రాసి నటించే సంప్రదాయం దూరదర్శన్ రోజుల నాటిదే. ధర్మవరపు సుబ్రహ్మణ్యం 'ఆనందో బ్రహ్మ'తో ఇంటింటికీ తెలిశారు. ప్రభుత్వోద్యోగం చేస్తూ, రేడియోకి రాస్తూ, నాటకాలాడుతూ టీవీకి వచ్చిన మనిషి. అప్పట్లో ఈ బాపతు కళాకారులకు నెల జీతం ఇచ్చేది ఆఫీసే. ఆయన సంపాదన సినిమాల్లోకి వచ్చాక, లెక్చరరు వేషాలు వరస కట్టాక మొదలైంది. టీవీ అంటే సినిమాకు గుమ్మం అన్న లెక్క అప్పుడు ఏర్పడిందే, నేటికీ పెద్దగా మారలేదు.

2001లో జెమినీలో మొదలై 2007 దాకా నడిచిన 'అమృతం' ఆ గుమ్మం దగ్గరే ఆగిపోకుండా టీవీలోనే ఒక ఆస్తి అయింది. కానీ ఎవరికి? అమృతరావు వేషం మొదట శివాజీరాజా వేశారు, తర్వాత నరేశ్, ఆ తర్వాత హర్షవర్ధన్. మొహం రెండుసార్లు మారినా సీరియల్లోని హోటలు మూతపడలేదు, జనం చూడటం మానలేదు. సీరియల్ ప్రాణం రాతలో, గుండు హనుమంతరావు ఆంజనేయుల్లో, అప్పాజీ చేష్టల్లో ఉంది. హక్కు మాత్రం నిర్మాత గుణ్ణం గంగరాజుది. 2014లో ఆయన అమృతాన్ని సినిమాగా చంద్రుడి మీదికి పంపగలిగినా, 2020లో ఓటీటీకి రెండో అమృతం వెళ్లినా అందుకే. డబ్బు పెట్టి నష్టభయం మోసినవాడికి ఆస్తి దక్కడంలో తప్పేమీ లేదు. హర్షవర్ధన్ తన రాతను సినిమాకు తీసుకెళ్లి 'ఇష్క్', 'గుండెజారి గల్లంతయ్యిందే', 'మనం' చిత్రాలకు మాటలు రాశారు. హనుమంతరావు చివరి ఏళ్లలో కిడ్నీ జబ్బుతో మంచాన పడితే తోటి నటులు, ప్రభుత్వం సాయం చేయాల్సి వచ్చింది. 2018లో కన్నుమూశారు. ఆయన ఆంజనేయులుగా నటించిన ఎపిసోడ్లు అప్పుడూ యూట్యూబ్‌లో ఆడుతున్నాయి. హాలీవుడ్‌లో చిన్న వేషం వేసినవాడికి సైతం ఆ ఆట మీద ఎంతో కొంత చెక్కు వస్తుంది. ఇక్కడ అలాంటి ఏర్పాటే లేదు.

2013 ఫిబ్రవరిలో ఈటీవీలో 'జబర్దస్త్' వచ్చాక తెలుగులో కమెడియన్ అన్న మాటకు అర్థమే మారింది. సినిమా అవకాశాల కోసం కృష్ణానగర్‌లో గదులు పంచుకుంటూ తిరుగుతున్న కుర్రాళ్లకు వారం వారం వేదిక దొరికింది. టీమ్ లీడర్ పద్ధతి దీని ప్రత్యేకత. లీడరుకు ఇచ్చే పారితోషికం వేరు, టీమ్‌లో వెనక నిలబడే అతనికి ఇచ్చేది వేరు. స్కిట్ పడితే లీడరు పేరు మోగుతుంది. రాసింది ఎవరన్నది చూసేవాళ్లలో నూటికి తొంభై మందికి పట్టదు. దాన్ని పట్టేలా చేసినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. హైపర్ ఆది వేరే టీమ్‌లో స్కిట్లు రాస్తూ వచ్చి, తన పంచులు తానే వేసుకుంటూ సొంత టీమ్‌కు లీడరయ్యారు. ఊపిరి తీసుకునే సందు ఇవ్వకుండా వరసగా పంచులు పేర్చడం ఆయన పద్ధతి. నాకు పదింట్లో నాలుగు నచ్చవు, అయినా ఆ వేగం రాసే చేతికి తెలుసు, కాబట్టే నోటికి వచ్చింది. ఆటో రాంప్రసాద్‌ది ఇంకో దారి. సుడిగాలి సుధీర్, గెటప్ శ్రీనులతో ముగ్గురి టీమ్‌లో పెన్ను ఎక్కువగా ఆయన చేతిలోనే. ముగ్గురిలో ముందు హీరో అయింది సుధీర్, వేషాలకు పేరొచ్చింది శ్రీనుకు. రాసేవాడు అందరికంటే ఆలస్యంగా కనబడతాడన్నది ఈ ముగ్గుర్ని చూస్తే తెలిసిపోతుంది.

ఒక్క విషయంలో మనవాళ్లు గ్రోవర్ కంటే మెరుగు. ఈ సుడిగాలి, హైపర్, గెటప్, ఆటో అనే ముందుపేర్లు షోతో పాటు ఊళ్లో మోగాయి గానీ, మనిషి బయటికి వెళ్లినప్పుడు ఆయన వెంటే వెళ్లాయి. సినిమా పోస్టర్ మీద ఎక్కాయి, ఇంకో చానెల్‌లో ఎక్కాయి. 2019 చివర్లో జబర్దస్త్ జడ్జి నాగబాబు జీ తెలుగులో 'అదిరింది'కి వెళ్లినప్పుడు చమ్మక్ చంద్ర, వేణు, ధనరాజ్ లాంటివాళ్లు అటు నడిచారు, ముద్దుపేర్లతో సహా. పోటీ చానెల్ పిలుపు వచ్చిన రోజునే ఇక్కడ పారితోషికం పెరుగుతుంది. వాటా, పునఃప్రసార చెల్లింపు ఏవీ లేనిచోట కళాకారుడికి ఉన్న బేరం ఒక్కటే, వెళ్లిపోతానని చెప్పడం. పాపం, అది రెండుసార్లకు మించి పనిచేయదు.

అందువల్ల మనవాళ్ల బతుకు లెక్క ఎపిసోడ్ బయటే తేలుతుంది. పెళ్లి సంగీత్‌లు, కాలేజీ పండగలు, షాపుల ప్రారంభోత్సవాలు, ఊళ్లో జాతర రాత్రి స్టేజీ షోలు, దసరా సంక్రాంతి ప్రత్యేక కార్యక్రమాలు. అమెరికాలో తానా, ఆటా లాంటి సంఘాల సభలకు వెళ్లే బృందాల్లో టీవీ కమెడియన్లు లేకుండా ఉండరు. టీవీ వీళ్లకు జీతం ఇచ్చే చోటు కంటే, మార్కెట్‌లో ధర కట్టించుకునే బోర్డు. బోర్డు మీద పేరు ఉన్నంతకాలం ఫోన్లు వస్తాయి. కరోనా ఏడాది స్టేజీలన్నీ మూతపడ్డప్పుడు లీడర్లు తట్టుకున్నారు, వెనక వరసవాళ్లు తట్టుకోలేకపోయారు. ఆడవేషాలు కట్టే మగవాళ్ల పరిస్థితి మరీ ఇరకాటం. టీవీలో ప్రతివారం వేషం దొరుకుతుంది, ఆ ముద్ర పడ్డాక సినిమాలో ఇంకో వేషం దొరకదు.

చట్టం ఏమంటుందన్న సందేహం రావాలి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ దాని కోసం గట్టిగా నిలబడ్డారు. సినిమాలో వాడిన రాతకూ, సంగీతానికీ థియేటర్ బయటి వాడకం మీద రాయల్టీ హక్కును రచయిత వదులుకుంటానని సంతకం పెట్టినా చెల్లదని అందులో ఉంది. ప్రదర్శకులకు సైతం వాణిజ్య వాడకంలో రాయల్టీ మాట ఉంది. పాటల రచయితలకు ఇది అన్నం పెట్టింది, వసూలు చేసి పంచే ఐపీఆర్‌ఎస్ లాంటి సంఘం ఉంది కాబట్టి. స్కిట్ రాసినవాడి తరఫున ఏ వీడియోకి ఎన్ని వ్యూస్ వచ్చాయో లెక్క కట్టి చానెల్ తలుపు తట్టే సంఘం తెలుగు టీవీలో వేళ్లూనలేదు. రచయిత పేరు వీడియో కింద వివరణలోనైనా వేయించుకోవడం దగ్గరే ఇంకా చాలామంది తంటాలు పడుతున్నారు. శాతాల మాట ఆ తర్వాతది.

కొందరు ఈ మధ్య సొంత యూట్యూబ్ చానెళ్లు పెట్టుకున్నారు. ప్రకటనల డబ్బు తక్కువే, నిలకడా లేదు. వేదిక, లైట్లు, పగలబడి నవ్వే జడ్జీలు లేకపోతే అదే పంచు చప్పగా అనిపిస్తుందని తొలి నెలలోనే తెలిసిపోతుంది. అయినా పాత వీడియోకి ఇవాళ్టి వ్యూ పడితే ఆ పైసలు తీసినవాడికే చేరుతున్నాయి.

జబర్దస్త్ తొలి రోజుల్లో టీమ్ లీడర్‌గా ఉన్న వేణు యెల్దండి ఈ దారుల దగ్గరే ఆగిపోలేదు. పదేళ్ల తర్వాత, 2023 మార్చిలో, ఒక చావింట్లో కాకి ముద్ద ముట్టని కథ రాసి, 'బలగం'గా తీశారు. తెలంగాణ పల్లెల్లో ఊరి నడుమ తెరలు కట్టి జనం సామూహికంగా చూసి ఏడ్చారు. అన్నేళ్లు నవ్వు రాసిన చెయ్యి ఏడుపు రాస్తేనే దర్శకుడిగా ఆయనకు ధర పలికింది. ఆనాటి స్కిట్లు మాత్రం యూట్యూబ్‌లో ఉన్నచోటే ఉన్నాయి, మధ్యలో సబ్బు ప్రకటనలతో సహా ఆడుతూ.